ఎకరం మొక్కజొన్న నుంచి ఎంత నైట్రస్ ఆక్సైడ్? వర్షపాతం చూసి లెక్క కట్టే పద్ధతి

కృష్ణా నదికి అటొకటి, ఇటొకటి రెండు మాగాణి చేలు తీసుకుందాం. రెండింట్లోనూ వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న వేశారు. ఎరువు బస్తాలు అవే, తడులు అవే, దిగుబడీ అదే. అయినా ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం (ఐపీసీసీ) తన ఉద్గారాల లెక్క మార్గదర్శకాలకు 2019లో చేసిన సవరణ ప్రకారం లెక్క కడితే ఒక ఒడ్డు చేను రెండో ఒడ్డు చేనికంటే రెట్టింపుకు పైగా నైట్రస్ ఆక్సైడ్ వదిలినట్టు తేలుతుంది. ఉమ్మడి కృష్ణా జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, ఉమ్మడి గుంటూరు జిల్లాది 1000కి తక్కువ. ఉష్ణమండలంలో తడి ప్రాంతానికీ పొడి ప్రాంతానికీ ఆ పద్ధతి గీసిన గీత సరిగ్గా ఆ 1000 దగ్గరే ఉంది.

అందుకే ఈ లెక్కలో గుణకారాలు తేలిక, వాతావరణ తరగతి ఎంచుకోవడం కష్టం. కార్బన్ ప్రాజెక్టుల సర్వేకు వెళ్లేవాళ్లు, రైతు ఉత్పత్తిదారుల సంఘాల సిబ్బంది, వ్యవసాయ కళాశాల విద్యార్థులు ముందు ఆ సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఈ వ్యాసంలో చివరిదాకా ఒక్క ఎకరం రబీ మొక్కజొన్ననే ఉదాహరణగా నడిపిస్తాం.

వేసిన నత్రజనిలో కొంత భాగాన్ని నేలలోని సూక్ష్మజీవులు నైట్రస్ ఆక్సైడ్ వాయువుగా మారుస్తాయి. అమ్మోనియాను నైట్రేటుగా మార్చేటప్పుడు కొంత జారిపోతుంది. గాలి అందని తడి నేలలో నైట్రేటును విడగొట్టేటప్పుడు ఇంకా ఎక్కువ జారుతుంది. బరువులో కొంచెమే అయినా, భూమిని వేడెక్కించడంలో వందేళ్ల లెక్కన కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానం.

బస్తాలను నత్రజనిగా మార్చడం

రైతును అడగాల్సింది ఎన్ని బస్తాలు వేశారన్నదే, సిఫారసు మోతాదు ఎంతన్నది కాదు. డెల్టాలో రబీ మొక్కజొన్నకు సిఫారసు ఒకటి, చేలో పడేది మరొకటి. పైపాటుగా ఎన్నిసార్లు వేశారో ఒక్కోసారికి విడివిడిగా అడిగితే మర్చిపోయిన బస్తా కూడా బయటకు వస్తుంది. చేను కొలత పాసుపుస్తకంలోది కాకుండా నిజంగా సాగైనంతే తీసుకోవాలి. కౌలు చేలల్లో ఈ రెండింటికీ తరచూ తేడా ఉంటుంది.

యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు. అందులో 46 శాతం నత్రజని, అంటే బస్తాకు 20.7 కిలోలు. పాత అలవాటు కొద్దీ 50 కిలోలని వేసుకుంటే యూరియా లెక్క 11 శాతం పెరిగిపోతుంది. డీఏపీ 50 కిలోల బస్తాలో 9 కిలోలు, కాంప్లెక్స్ ఎరువుల్లో 20-20-0-13లో 10, 28-28-0లో 14, 17-17-17లో 8.5, 14-35-14లో 7 కిలోల నత్రజని ఉంటుంది. నానో యూరియాను బస్తాతో సమానంగా వేసుకోకూడదు. సీసా మీద రాసిన శాతాన్ని సీసా పరిమాణంతో గుణించి, వచ్చిన గ్రాములే వేయాలి. 4 శాతమున్న 500 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 20 గ్రాములే.

మన ఎకరంలో 4 యూరియా, ఒక డీఏపీ, ఒక 20-20-0-13 పడ్డాయనుకుందాం. 82.8 + 9 + 10 = 101.8 కిలోల నత్రజని. హెక్టారుకు కావాలంటే 2.47తో గుణించాలి, సుమారు 251 కిలోలు. మొదటి నుంచి చివరిదాకా ఎకరమో హెక్టారో ఒక్కటే వాడండి. మధ్యలో మార్చిన చోటే పొరపాట్లు దూరతాయి.

పశువుల ఎరువు వేస్తే దాన్నీ కలపాలి. మాగిన ఎరువులో నత్రజని సుమారు అర శాతం, టన్నుకు 5 కిలోలు. "రెండు ట్రక్కులు తోలాం" అన్న మాట మీద లెక్క కట్టకండి. ఒక ట్రక్కును కాటా వేయించి ఆ బరువుతో గుణించండి. కోళ్ల ఎరువులో నత్రజని దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి పశువుల ఎరువు అంకె దానికి పనికిరాదు, నమూనా పరీక్ష చేయించాలి.

పంట మిగులు

చొప్పలో, వేళ్లలో ఉన్న నత్రజని తిరిగి నేలకే చేరుతుంది కాబట్టి అదీ లెక్కలోకి వస్తుంది. దిగుబడి 35 క్వింటాళ్లు అనుకుందాం. మొక్కజొన్న గింజలో పొడి పదార్థం 0.87 వంతు, అంటే 3045 కిలోలు. నేల పైన ఉండే చొప్ప గింజకు సమానంగా తీసుకుంటారు, అదీ 3045 కిలోలే. అందులో నత్రజని 0.6 శాతం, 18.3 కిలోలు. సగం చొప్ప మేతకు పోతే చేలో మిగిలేది 9.1. వేళ్ల బరువు గింజ, చొప్ప కలిపిన మొత్తంలో 0.22 వంతు, అంటే 1340 కిలోలు. దాంట్లో 0.7 శాతం చొప్పున 9.4 కిలోలు. రెండూ కలిపితే 18.5 కిలోల నత్రజని.

చొప్ప తగలబెడితే ఆ భాగంలో 80 శాతం కాలిపోయినట్టు తీసేయాలి. మంట నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడును వేరే పద్దులో రాస్తారు, ఇక్కడ కలిపితే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. అలాగే ముందు పంట వరి మోళ్లు వరి ఖాతాలోకి వెళ్తాయి, మొక్కజొన్నకు చుట్టకండి. వేరుశనగ, మినుము, కంది గాలి నుంచి పట్టుకునే నత్రజనిని ఐపీసీసీ 2006 మార్గదర్శకాల నుంచి నేరుగా లెక్కలోకి తీసుకోవడం లేదు. వాటి ఆకు, కాడ, వేరు మిగులు మాత్రమే వస్తుంది.

తడి ప్రాంతమా, పొడి ప్రాంతమా

తెలుగు నేలంతా ఉష్ణమండలమే కాబట్టి చూడాల్సింది వార్షిక వర్షపాతం ఒక్కటే. 1000 మిల్లీమీటర్లు దాటితే తడి, లోపైతే పొడి. కర్నూలు, ఉమ్మడి మహబూబ్‌నగర్, సుమారు 550 మిల్లీమీటర్లే పడే అనంతపురం పొడి ప్రాంతాలు. శ్రీకాకుళం, గోదావరి జిల్లాలు, ఆదిలాబాద్ తడి ప్రాంతాలు. ఈ రెండు జాబితాల మధ్యలో పడే మండలాలే చాలా ఎక్కువ.

ఒక్క ఏడాది వాన చూసి తరగతి మార్చకూడదు. వాతావరణ శాఖ ఇచ్చే 30 ఏళ్ల సాధారణ వర్షపాతమే వాడాలి. జిల్లా సగటు కంటే మండలం అంకె మేలు. ఒకే జిల్లాలో సముద్రపు ఒడ్డు మండలానికీ లోపలి మండలానికీ చాలా తేడా ఉంటుంది. 900 నుంచి 1100 మధ్య ఉన్న మండలాలకు రెండు తరగతుల్లోనూ లెక్క కట్టి రెండూ చూపించండి. అక్కడ ఒక్క అంకె ఇవ్వడం చదివేవాళ్లను తప్పుదోవ పట్టించడమే.

నేరుగా చేలోంచి వెలువడే భాగానికి గుణకాలు, అంటే నేలకు చేరిన నత్రజనిలో ఎంత వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందో చెప్పే అంకెలు ఇవి. తడి ప్రాంతంలో రసాయన ఎరువుకు 0.016, పశువుల ఎరువు, పంట మిగులు వంటి వాటికి 0.006. పొడి ప్రాంతంలో అన్నిటికీ 0.005. తరగతులుగా విడదీయకపోతే 0.01. నీరు నిలబెట్టిన వరికి ఇవేవీ పనికిరావు, దాని సంగతి కింద ఉంది.

పొడి తరగతిలో మన ఎకరం:
(101.8 + 18.5) × 0.005 = 0.60 కిలోల నత్రజని. దీన్ని 44/28తో, అంటే 1.571తో గుణిస్తే 0.95 కిలోల నైట్రస్ ఆక్సైడ్.

తడి తరగతిలో అదే ఎకరం:
101.8 × 0.016 = 1.63, 18.5 × 0.006 = 0.11, మొత్తం 1.74. దాన్ని 1.571తో గుణిస్తే 2.73 కిలోలు.

ఆ 44/28 గుణకారాన్ని మర్చిపోవడమే చాలామంది చేసే తప్పు. గుణకంతో వచ్చేది వాయువులో ఉన్న నత్రజని బరువు, వాయువు బరువు కాదు. రెండు నివేదికలను పోల్చేటప్పుడు ఎవరు ఏ రూపంలో రాశారో చూడకపోతే 57 శాతం తేడా లేనిచోట ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకో పాత తప్పు కూడా తరచూ కనిపిస్తుంది. ఆవిరైపోయిన అమ్మోనియాను ముందే తీసేసి మిగిలినదాన్ని గుణకంతో గుణిస్తారు. ఐపీసీసీ 1996 పద్ధతిలో అలా చేసేవారు. ఇప్పటి పద్ధతిలో వేసిన నత్రజని మొత్తాన్నీ గుణించాలి.

చేను దాటి పోయే భాగం

యూరియాను పైపైన చల్లి తడి ఆలస్యం చేస్తే అమ్మోనియా గాలిలోకి పోతుంది. అది ఎక్కడో నేల మీద పడి, అక్కడ కొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. యూరియా నత్రజనిలో 15 శాతం, డీఏపీ వంటి అమ్మోనియం ఎరువుల్లో 8 శాతం, పశువుల ఎరువులో 21 శాతం ఇలా పోతుందని తీసుకుంటారు. మన చేలో 82.8 × 0.15 + 19 × 0.08 = 13.9 కిలోలు. పొడి తరగతిలో దీన్ని 0.005తో, తడి తరగతిలో 0.014తో గుణించాలి. వాయువు బరువులో మొదటిది 0.11, రెండోది 0.31 కిలోలు.

నీటితో కిందికో కాలువలోకో కొట్టుకుపోయే భాగం 24 శాతం. ఇక్కడ చాలామంది తడబడతారు. పొడి ప్రాంతంలో వర్షాధార పంటకు ఇది సున్నా. పొడి ప్రాంతమైనా కాలువ నీరో బోరు నీరో పారిస్తే 24 శాతం వేయాలి. డ్రిప్ కింద ఉంటే మళ్లీ సున్నా. అంటే అనంతపురంలో వర్షాధార వేరుశనగకు సున్నా, అక్కడే బోరు కింద పారకం చేలకు 24 శాతం, డ్రిప్ మీద టమాటాకు సున్నా. సర్వే పత్రంలో "నీటి వసతి ఉందా" అని అడిగితే చాలదు, నీరు ఎలా పెడతారో అడగాలి.

మన ఎకరానికి 120.3 × 0.24 = 28.9 కిలోలు. దీన్ని 0.011తో, తర్వాత 1.571తో గుణిస్తే 0.50 కిలోలు. పారకం నీరు కాబట్టి రెండు తరగతుల్లోనూ ఇది ఒకటే.

మొత్తం పొడి తరగతిలో 1.55 కిలోలు, తడి తరగతిలో 3.54 కిలోలు. కార్బన్ డయాక్సైడ్ లెక్కన ఎకరానికి 424 కిలోలు, 966 కిలోలు. వేరే నివేదికల్లో 273 బదులు 298 గానీ 265 గానీ వాడి ఉంటారు. పోల్చేముందు అది చూసుకోండి.

ఇంతకీ డెల్టా మొక్కజొన్నకు ఏది నిజానికి దగ్గర? ఆ పంట డిసెంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటుంది. ఆ నెలల్లో వాన దాదాపు ఉండదు. ఏటా కురిసే 1000 మిల్లీమీటర్లలో చాలా భాగం ముందున్న వరి మీద పడింది. మొక్కజొన్న వేళ్ల దగ్గర తేమ తడులతో వచ్చిందే. అందుకే పారకం కింద భారీగా యూరియా పడే చేనుకు, మండలం పొడి తరగతిలో ఉందన్న ఒక్క కారణంతో 0.005 వేస్తే తక్కువ చూపే ప్రమాదం ఉంది. నియమం ప్రకారం తరగతిని వానే నిర్ణయిస్తుంది కాబట్టి అధికారిక లెక్కలో 0.005 వేయక తప్పదు. కానీ పక్కనే 0.01తో కట్టిన అంకె కూడా రాసి, తడుల సంఖ్య పేర్కొనండి. పొడి ప్రాంతపు గుణకానికి ఇచ్చిన హద్దులే 0.000 నుంచి 0.011 వరకు ఉన్నాయి. మన ఎకరం నుంచి నేరుగా వెలువడేది సున్నా నుంచి 2.1 కిలోల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం.

వరి

ఎప్పుడూ నీరు నిలిపిన మడికి 0.003, మధ్యలో ఒకసారో పలుసార్లో ఆరబెట్టిన మడికి 0.005. మూడు బస్తాల యూరియా, ఒక డీఏపీ వేసిన ఎకరానికి మొదటిదైతే 0.34, రెండోదైతే 0.56 కిలోల నైట్రస్ ఆక్సైడ్. ఆరుతడి పద్ధతిలో మీథేన్ బాగా తగ్గుతుంది, ఇది కొంత పెరుగుతుంది. ఒకటి చూపించి ఇంకొకటి దాచకూడదు. పొడి దుక్కిలో వెదజల్లి, నీరు నిలపకుండా పండించే వరిని మొక్కజొన్నలాగే లెక్కకట్టాలి.

చేలోనే కొలవాలంటే

జిల్లాకో పంటకో సొంత గుణకం కావాలంటే మూసిన పెట్టెతో కొలవాలి. ఖర్చుతో కూడిన పనే, కానీ పై సందిగ్ధం తీరాలంటే వేరే దారి లేదు.

ఆక్రిలిక్ పెట్టె, కింద నేలలో 10 సెంటీమీటర్లు దిగే లోహపు చట్రం కావాలి. చట్రం పైఅంచున చిన్న కాలువ ఉంటుంది, అందులో నీళ్లు పోసి పెట్టె దించితే గాలి చొరబడదు. మండుటెండలో ఆ నీళ్లు ఆరిపోతే లీకు మొదలవుతుంది, ప్రతిసారీ చూసుకోవాలి. చట్రాన్ని కనీసం ఒకరోజు ముందే దించాలి, లేకపోతే నేల కదిలి బయటపడిన వాయువునే కొలుస్తాం. పెట్టెలో బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, థర్మామీటరు, పైన రబ్బరు మూత ఉండాలి. ఉదయం 9 నుంచి 11 మధ్య 0, 15, 30, 45 నిమిషాలకు 50 మిల్లీలీటర్ల సిరంజితో గాలి తీయాలి. ఆ వేళ నేల ఉష్ణోగ్రత రోజు సగటుకు దగ్గరగా ఉంటుంది. మధ్యాహ్నం తీసి 24 గంటలతో గుణిస్తే అంకె ఉబ్బిపోతుంది. నమూనాలను ముందే గాలి తీసేసిన సీసాల్లోకి ఎక్కించి, వాయువు గాఢత కొలిచే యంత్రం, అంటే ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టరు ఉన్న గ్యాస్ క్రొమటోగ్రాఫు మీద చూడాలి. బయటి గాలిలో ఇప్పుడు 340 పీపీబీకి (వంద కోట్ల భాగాల గాలిలో 340 భాగాలకు) దగ్గరగా ఉంటుంది. సున్నా నిమిషపు నమూనా దానికి చాలా దూరంగా వస్తే సిరంజో సీసానో లీకవుతున్నట్టే.

పెట్టె ఎత్తు అర మీటరు, లోపలి వేడి 32 డిగ్రీలు, గాఢత నిమిషానికి 2 పీపీబీ చొప్పున పెరిగిందనుకుందాం. గంటకు 120 పీపీబీ. ఆ వేడిలో ఘనపు మీటరు గాలిలో 39.9 మోల్‌లు ఉంటాయి. 39.9 × 0.5 × 120 × 28 ÷ 1000 = చదరపు మీటరుకు గంటకు 67 మైక్రోగ్రాముల నత్రజని. రోజుకు హెక్టారుకు 16 గ్రాములు.

మొక్కజొన్నలో చట్రం ఎక్కడ పెట్టామన్నది ఫలితాన్నే మార్చేస్తుంది. ఎరువు మొక్కల మొదళ్ల దగ్గర పడుతుంది, సాళ్ల మధ్య పడదు. ఎరువు పడ్డచోట ఒకటి, సాళ్ల మధ్య ఒకటి పెట్టి, ఒక్కొక్కటి చేలో ఎంత వైశాల్యానికి ప్రతినిధో ఆ నిష్పత్తిలో సగటు తీయాలి. ఒక్కో పద్ధతికి కనీసం మూడు మడులుండాలి.

ఎరువు వేసి తడి పెట్టాక వారం పది రోజులు రోజూ, లేదా రోజు విడిచి రోజు తీయాలి. మిగతా కాలంలో వారానికోసారి చాలు. నెలకోసారి తీస్తే వాయువు ఒక్కసారిగా ఎక్కువగా వెలువడే పెద్ద ఉబ్బులన్నీ తప్పిపోతాయి. పంట కోశాక ఆపేయకూడదు. వేసవంతా ఎండిన నేల మీద జూన్‌లో తొలకరి పడినప్పుడు, పేరుకున్న నైట్రేటుతో ఒక పెద్ద ఉబ్బు వస్తుంది. గుణకం ఏడాదికి చెప్పేది కాబట్టి కొలత కూడా ఏడాది సాగాలి.

తక్కువ వచ్చిన రోజుల లెక్కలను "గీత సరిగా రాలేదు" అని తీసేయడం పెద్ద తప్పు. వాయువు తక్కువున్నప్పుడు నాలుగు నమూనాల గాఢతల మీదుగా గీసే గీత చెదిరినట్టే ఉంటుంది. వాటిని తీసేస్తే పెద్ద అంకెలే మిగిలి సగటు పెరుగుతుంది. సున్నాకు కింద వచ్చినవి కూడా అలాగే ఉంచాలి.

పక్కనే నత్రజని వేయని మడి తప్పనిసరి. ఎరువు మడిలో ఏడాదికి హెక్టారుకు నత్రజని లెక్కన 1.9 కిలోలు, వేయని మడిలో 0.6 వచ్చాయనుకుంటే, తేడా 1.3ను వేసిన 251 కిలోలతో భాగించాలి. 0.0052, అదే మీ గుణకం.

ప్రతి కొలతతో పాటు నేల తేమ రాయకపోతే ఫలితం పక్క మండలానికి పనికిరాదు. నేల రంధ్రాల్లో ఎంత భాగం నీటితో నిండిందో చూడాలి. తేమ బరువులో 22 శాతం, నేల సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాములైతే నీరు 0.22 × 1.4 = 0.308. నేల రేణువుల సాంద్రత 2.65గా తీసుకుంటే రంధ్రాలు 1 − 1.4 ÷ 2.65 = 0.472. భాగిస్తే 65 శాతం. సుమారు 60 నుంచి 80 మధ్యలో నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువగా వస్తుంది. అంతకు మించి నీరు నిలిస్తే చాలా భాగం మామూలు నత్రజని వాయువుగా మారిపోతుంది. మాగాణి వరిలో గుణకం తక్కువ ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. నల్లరేగడిలో ఒక చిక్కుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు ఇచ్చే ఆ నేల సాంద్రత తేమతో పాటే మారుతుంది. ఒక్కసారి కొలిచిన సాంద్రతను ఏడాదంతా వాడితే నిండుదనం తప్పుగా వస్తుంది. తడి నేలలో, ఆరిన నేలలో, మధ్యస్థంగా మూడుసార్లయినా కొలిచి తేమకు తగినది వాడాలి. చట్రం కింద నెర్రె పడితే గాలి పక్కనుంచి పోతుంది, ఆ చట్రాన్ని తీసి అర మీటరు అవతల దించి, మళ్లీ ఒకరోజు ఆగి కొలత మొదలుపెట్టాలి.